ఫారిన్ అమ్మాయి సారె

మా వీధిలో ఆ అమ్మాయి కోసం వేసినన్ని కుర్చీలు ఓట్లడగడానికి వచ్చిన నాయకులకు కూడా వెయ్యలేదు. ఆమె ఎవరింటి ముందు ఆగితే ఆ ఇంట్లోవాళ్లు లోపలికి పరిగెత్తి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, చీర చెంగుతో దుమ్ము దులిపి కూర్చోబెట్టేవాళ్లు. తరవాత చిన్న కూల్‌డ్రింకు సీసా వచ్చేది. తరవాత ఇంటిల్లిపాదీ ఆమె చుట్టూ నిలబడి ఫొటో తీసుకునేవాళ్లు. ఆమె థాంక్స్ చెప్పి ఇంకో ఇంటికి వెళ్లేది. అక్కడా అంతే.

నేను నర్సీపట్నంలో ఒక కాలేజీలో కామర్స్ చెబుతాను. ఏవో రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం కుదిరి, ఫిన్లాండు నుంచి కొందరు విద్యార్థులు ఏడాదిపాటు చదువుకోవడానికి వచ్చారు. మిగతావాళ్లంతా విశాఖపట్నంలో ఉండిపోయారు. ఈ ఒక్క పిల్ల మాత్రం జీడితోటల మీద ఏదో రాయాలని మా ఊరు కోరుకుంది. మా ప్రిన్సిపాల్‌గారు నన్ను పిలిచి, "మీ ఇంట్లో గదులు ఖాళీయే కదా మేడమ్" అన్నారు. ఖాళీయే. మా ఆయనకు పాడేరులో ఉద్యోగం, ఆదివారాలు వస్తారు. పిల్లలిద్దరూ హాస్టళ్లలో ఉన్నారు. ఇంట్లో నేనూ మా అత్తగారూ మిగిలాం. కాదనడానికి కారణం దొరక్క ఒప్పుకున్నాను.

అలా ఆగస్టులో ఒక పెద్ద సంచీ వీపున వేసుకుని ఆ అమ్మాయి మా గేటు ముందు దిగింది. ఇరవయ్యేళ్లుంటాయి. తెలుగు అక్కడే నేర్చుకుని వచ్చింది. పుస్తకాల తెలుగు కావడంతో ప్రతి మాటా ఇస్త్రీ చేసినట్టుండేది. "నాకు దాహంగా ఉన్నదండి" అనేది. మా అత్తగారు నోరు తెరిచి వినేవారు.

మా అత్తగారిది కృష్ణదేవిపేట దగ్గర పల్లె. డెబ్బై దాటాయి. ఎంత పెద్ద ఆఫీసరు ఎదురుపడినా "ఏటి బాబూ, బాగున్నావా" అని పలకరించే మనిషి. అలాంటావిడ ఈ పిల్లని "అమ్మాయిగారూ, కాపీ తాగుతారేటండీ" అని అడగడం మొదటిసారి విన్నప్పుడు ఇంకెవరో వచ్చారనుకుని వంటింట్లోంచి తొంగి చూశాను. ఆ పిల్లను చీపురు ముట్టుకోనిచ్చేవారు కారు. కంచం తీసి కడగబోతే లాక్కునేవారు. ఒకరోజు ఆమె మొబైల్లో చూసి ఉప్మా చేసింది. ఉప్పు లేదు, అడుగు మాడింది. మా అత్తగారు కంచం ఖాళీ చేసి "సూపరు" అన్నారు. ఆ మాట ఆవిడ నోట అంతకుముందు నేను వినలేదు. ముప్పై ఏళ్లుగా నా ఉప్మాకి ఏదో ఒక వంక పెట్టకుండా ముద్ద మింగని మనిషి ఆవిడ.

వీధంతా అదే వరస. ఆమె చీర కట్టుకుని కుచ్చిళ్లు ఒక పక్కకి జారిపోతుంటే సూపర్. జడలో పువ్వు తలకిందులుగా పెట్టుకుంటే సూపర్. మా అమ్మాయి అలా బయల్దేరి ఉంటే గేటు దాకా కూడా వెళ్లనిచ్చేవాళ్లు కారు.

వారంలో మూడు నాలుగు రోజులు షేర్ ఆటో ఎక్కి రోలుగుంట వైపు తోటలకు వెళ్లేది. అక్కడైనా కుర్చీ బెడద తప్పుతుందేమో అనుకున్నాను. తప్పలేదు. ఊళ్లోంచి ఒకాయన కుర్చీని నెత్తిన బోర్లించుకుని బైకు మీద తోట దాకా తెచ్చాడట. ఆడవాళ్లు జీడిచెట్ల కింద తుప్పలు కొడుతుంటే తనకూ ఒక కత్తి ఇమ్మని అడిగింది. ఇవ్వలేదు. "మీకెందుకమ్మా, నీడలో కూకోండి" అన్నారు. పంట ఎలా ఉంటోందని అడిగితే బాగుంటోందన్నారు. ఇబ్బందులేమైనా ఉన్నాయా అంటే ఏమీ లేవన్నారు. అంతదూరం నుంచి వచ్చిన పిల్ల ముందు మన ఏడుపెందుకని వాళ్ల ఉద్దేశం. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "వాళ్లు నాతో నిజం చెప్పడం లేదు" అంది. అవునన్నాను.

నవంబరులో మా ఎదురింటి కోడలు పుట్టింటి నుంచి సారె తెచ్చింది. మా వీధిలో సారె వస్తే అది అందరి ఇంటి వ్యవహారం. గడప తప్పకుండా పంచాలి. తీసుకున్నవాళ్లు తిని ఊరుకోరు. కాజా ఎంతుంది, లడ్డూలో నెయ్యి పడిందా, మనింటికి తక్కువ వచ్చిందా, వాళ్లింటికి ఎక్కువ వెళ్లిందా అని వారం రోజులు మాట్లాడుకుంటారు. "ఇదేటమ్మా కాజా, సిటికినేలంత నేదు" అని మా అత్తగారు ఆ కోడలి మొహం మీదే అన్నారు. ఆ కోడలు కూడా తక్కువ తినలేదు, "మీకు పళ్లు నేవని సిన్నవి సేయించేం మామ్మా" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. మా విదేశీ అమ్మాయికి మాత్రం స్టీలు పళ్లెంలో కాజా, పక్కన చెంచా పెట్టి ఇచ్చారు. కాజా చెంచాతో ఎలా తినాలో ఆమెకూ తెలియలేదు, మాకూ తెలియలేదు.

"ఇచ్చిన తీపికి వంక పెడతారా?" అని ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగింది.

"సారెకి పెట్టకపోతే ఇంక దేనికి పెడతారు?" అన్నాను.

డిసెంబరులో మా ఊళ్లో మంకీ క్యాపులు బయటికొస్తాయి. ఆమె చేతుల్లేని బనీను వేసుకుని పొద్దున్నే నడకకి వెళ్తుంటే వీధివాళ్లు జాలిపడి శాలువాలు తెచ్చేవాళ్లు. "లంబసింగి ఎల్లేరా? మంచు సూసేరా?" అని అడగని మనిషి లేడు. ఏటా నెలల తరబడి మంచులో నడిచే పిల్ల. "చూశానండి, చాలా బాగున్నది" అని అందరికీ ఓపిగ్గా చెప్పేది. నాలుగు నెలల్లో ఆమె కూడా మా మర్యాద నేర్చేసుకుందన్నమాట.

ఒక సాయంత్రం నేను చిక్కుడుకాయలు ఒలుచుకుంటుంటే వచ్చి పక్కన నిలబడి, "నేను విశాఖపట్నం వెళ్లిపోతాను" అంది.

ఎందుకని అడిగాను.

"ఇక్కడ అందరూ చాలా మంచివాళ్లు. కానీ నాకు ఎవరూ లేరు" అంది. ఒక చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుని, "నాలుగు నెలలు అయ్యింది. నా మీద ఒక్కరు కూడా కోప్పడలేదు" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. "ఎదురింటి ఆవిడ మీ మీద కోప్పడుతుంది. మీరు ఆవిడ మీద కోప్పడతారు. సాయంత్రం కూర ఇచ్చుకుంటారు. నాకు కుర్చీ ఇస్తారు" అంది.

జీడితోటల పని సంగతేమిటని అడిగాను. వదిలేస్తానంది. విశాఖలో మిగతావాళ్లతో పాటు లైబ్రరీలో చేసుకునే పని ఏదో ఉందట. యూనివర్సిటీ వాళ్లు ఆదివారం కారు పంపిస్తారు. ఈలోగా వాళ్ల అమ్మమ్మ పంపిన బిస్కెట్లు రావాలి. ఏటా క్రిస్మస్‌కి ఆవిడ చేతుల్తో చేస్తుందట. చిన్నప్పటి నుంచీ అవి తినకుండా ఒక్క డిసెంబరు కూడా గడవలేదట. పార్సిల్ మా ఇంటి అడ్రసుకే వస్తోంది. అది అందుకుని వెళ్తానంది. ఉండమని బతిమాలడం నాకు చేతకాదు. సరేనన్నాను. ఆమె కూడా కూర్చుని చిక్కుళ్లు ఒలిచింది. మా అత్తగారు చూడలేదు కాబట్టి సరిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మా అత్తగారు కొత్త నేత చీర కట్టుకుని వీధిలోంచి వస్తున్నారు. చేతిలో పెద్ద స్టీలు పళ్లెం ఉంది. హాల్లో బల్ల మీద చిరిగిన అట్టపెట్టె, దాని పక్కన పూలబొమ్మలున్న గుండ్రటి రేకు డబ్బా మూత తీసి ఉన్నాయి. విషయం అర్థమైంది.

"ఏం చేశారత్తయ్యా?"

"అట్టపెట్టి సినిగిపోనాది. సీమలట్టేసినాయి. ఇప్పి సూసేను. డబ్బాడు బిస్కట్లు. ఆల్ల పుట్టింటోల్లు అంపినారు. ఈదంతా పంచీసేను. మనకీ కొన్ని ఉంచేనులే" అన్నారు తృప్తిగా.

డబ్బాలోకి చూశాను. అడుగున గుప్పెడు కూడా లేవు. నక్షత్రాలు, గుండెలు, పందిపిల్లల ఆకారాల్లో గోధుమరంగు బిస్కెట్లు. లవంగం, అల్లం వాసన. ఒక పందిపిల్లకి చీమలు ఇంకా పట్టే ఉన్నాయి. ఆ చీమలు దులిపాను. ఆవిడతో ఏమన్నా జరిగినదాన్ని వెనక్కి తేలేం కదా.

ఆ అమ్మాయి సాయంత్రం రోలుగుంట నుంచి వచ్చింది. చెప్పులు విప్పుతూనే బల్ల మీద డబ్బా చూసి మొహం వెలిగింది. దగ్గరికెళ్లి చూసింది.

"ఎవరు తిన్నారు?"

"తినడమేటండీ? ఈదికి పంచేను" అన్నారు మా అత్తగారు.

ఆ తరవాత ఆమె తెలుగులో ఇస్త్రీ ఏమీ మిగల్లేదు. "ఇది నాది! మా అమ్మమ్మ నా కోసం చేసింది! నన్ను ఎందుకు అడగలేదు? ఎవరు ఇవ్వమన్నారు?" అని అరిచింది. తెల్లటి మొహం చెవుల దాకా ఎర్రబడింది.

మా అత్తగారు ఒక్క క్షణం బిత్తరపోయారు. తరవాత ఆవిడ గొంతూ లేచింది. "అడగడమేటే? సారె అడిగి పంచుతారేటి? పుట్టింటోల్లు తీపి అంపితే గదిలో కూకుని ఒక్కర్తివీ తింతావా? ఈదంతా నవ్వదా? అయినదాన్ని గావట్టి పంచేను, నేకపోతే నాకేటవసరం?"

"నేను సారె తేలేదు! నాకు సారె వద్దు!"

"ఒద్దంటే ఆగుతాదేటే? అమ్మమ్మ అంపింది గదా!"

ఆమె గదిలోకి వెళ్లి తలుపు ధడాల్న వేసుకుంది. మా అత్తగారు మంచం మీద కూలబడి పళ్లెం వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ పిల్లని "ఏటే" అన్నానన్న సంగతి కూడా ఆవిడకు గుర్తున్నట్టు లేదు. కాసేపటికి తనలో తను మాట్లాడుకుంటున్నట్టుగా, "నాలుగు నెల్లుగా ఉంతంది. ఒక మనిసి రానేదు, ఒక తీపి రానేదు. ఈ పిల్లగుంటకి ఎనకాల ఎవులూ నేరేమో అనుకుంతన్నారు ఈదిలో. ఉన్నారని తెలాలి గదా" అన్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పూట ఇద్దరూ అన్నం తినలేదు. వండినదంతా ఫ్రిజ్‌లో పెట్టాను.

శనివారం పొద్దున్న గదిలో సంచీ జిప్పు వేస్తున్న చప్పుడు వినబడింది. కాసేపటికి ఆమె కళ్లు వాచి బయటికొచ్చింది. పుస్తకాల పెట్టెకి టేపు కావాలి, సందు చివరి కొట్టుకి వెళ్తానంది. నేను గేటు దగ్గర కుండీలకు నీళ్లు పోస్తున్నాను.

ఎదురింటి అత్తగారు గుమ్మంలో ముగ్గు పెడుతూ తలెత్తి, "అమ్మాయీ, మీ అమ్మమ్మ సొంటి మరీ ఎక్కువేసిందే. మా మనవడు దగ్గు మందనుకున్నాడు" అంది.

ఆమె ఆగిపోయింది. "శొంఠి కాదు, అల్లం" అంది.

"ఏదైతేనేటి, ఘాటు!"

రెండిళ్లు దాటాక ఇంకొకావిడ కిటికీలోంచి, బిస్కెట్టు కొరికితే కట్టుడు పన్ను కదిలిందని చెప్పింది. సారెలో పంది బొమ్మేమిటని, ఆవు చెయ్యడం రాదా అని ఇంకొకావిడ అడిగింది. కుర్చీ ఎవరూ తేలేదు. ఆ అమ్మాయి రోడ్డు మధ్యలో నిలబడి ఒక్కొక్కళ్లకీ జవాబు చెబుతోంది. "మా దేశంలో పంది అదృష్టం" అంటోంది. నేను నీళ్లు పొయ్యడం మానేసి చూస్తున్నాను. కుండీ నిండి నీళ్లు నా పాదాల మీదికి కారుతున్నాయి.

ఆమె టేపు కొనుక్కుని తిరిగొస్తుంటే మా పక్కింటావిడ పిలిచింది. ఈ పక్కింటావిడకీ మా అత్తగారికీ మాటల్లేవు. కాలవ నీళ్ల మీద వచ్చిన తగువు, నేను ఈ ఇంటికి కోడలిగా రాకముందుది. నిన్న మా అత్తగారి పళ్లెం వీధిలో అన్ని గడపలూ తొక్కి ఆ ఒక్క గడపా దాటేసిందని అప్పుడు తెలిసింది.

"ఇదిగో, ఇలగ రా. మేం ఈ ఈదిలో నేమేటి?" అంది పక్కింటావిడ, అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ.

"ఏమైందండి?"

"సారె అందరికీ ఎల్లింది. మాకు రానేదు."

"నేను పంచలేదండి. మామ్మగారు పంచారు."

"పంచినోల్లతో నాకేటి పని? ఆవిడతో నాను మాటాడను. సారె ఎవుల్ది? నీది. నాకెట్టకుండా ఒగ్గేసింది ఎవులు? నువ్వు. నాను నిన్నే అడుగుతాను."

అంత కోపంగా ఆ పిల్లతో మా ఊళ్లో బయటివాళ్లెవరూ మాట్లాడలేదు. ఆమె ఒక నిమిషం ఆవిడ మొహంలోకి చూసింది. టేపు నా చేతిలో పెట్టి గబగబా ఇంట్లోకి వెళ్లింది. డబ్బాతో బయటికొచ్చింది. వెనకాలే మా అత్తగారు గుమ్మం దాకా వచ్చి, "ఏయ్, ఎక్కడికే? ఆ గడప తొక్కకు!" అని కేకేశారు. ఆమె వినిపించుకోలేదు. పక్కింటి అరుగు దగ్గరికెళ్లి రెండు చేతులతో డబ్బా చాచింది.

"తప్పయిపోయిందండి. తీసుకోండి" అంది.

పక్కింటావిడ లోపలికి చూసి, "ఇంతేనా?" అంది. ఒక నక్షత్రం తీసి పంటితో కొరికింది. తెగలేదు. లోపల్నుంచి పచ్చడిబండ తెప్పించి అరుగు మీదే దాన్ని చితక్కొట్టింది. ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలింది.

"పరవానేదు. బెల్లం సాల్లేదని మీ అమ్మమ్మకి సెప్పు. నువ్వు తిన్నావేటి?"

ఆ అమ్మాయి డబ్బాలోకి చూసింది.

"నిన్నే. నీ సారె నువ్వు తిన్నావా నేదా?"

"లేదండి" అంది.

పక్కింటావిడ బియ్యం చేట పక్కకి నెట్టింది. "ఓలమ్మో. అందరికీ ఎట్టీసి నువ్వు తిననేదా? కూకో" అని అరుగు మీద చెయ్యేసి చూపించింది. ఆమె అక్కడే, నూకల మధ్య, కూర్చుంది. ఆవిడ చితికిన నక్షత్రాన్ని ఏరి ఆ పిల్ల అరచేతిలో పోసింది. ఆమె తల వంచుకుని పొడితో సహా తిన్నది. బిస్కెట్టు తింటూనే ఏడ్చింది. పక్కింటావిడ అది చూసి కూడా ఏమీ అడక్కుండా రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది. మా అత్తగారు మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు, కేకలూ వెయ్యలేదు.

తిన్నాక ఆమె లేచి డబ్బా అందుకోబోయింది. ఆవిడ వెనక్కి లాక్కుంది.

"కాళీ డబ్బా ఇస్తారేటే ఎవులైనా? సున్నుండలు సేసి ఇస్తాను. మినుములు ఏపి మిల్లు కాడికి ఎల్లాల. రేపు ఆదివారం మిల్లుండదు. సోమవారం వచ్చి అట్టుకెల్లు."

ఆ అమ్మాయి మా ఇంటి వైపు, నా వైపు చూసింది. నేను చేతిలో టేపు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాను.

"సరేనండి. సోమవారం వస్తాను" అంది ఆవిడతో.

గేటు దాటి లోపలికి వచ్చి, యూనివర్సిటీ కారు డ్రైవరు నంబరు నా దగ్గరుందా అని అడిగింది. ఉందన్నాను.